రెండు ఓట్ల నియోజకవర్గాలు: పార్వతీపురం తీర్పు, 1961 చట్టం

ఒక నియోజకవర్గానికి ఒక్కరే ప్రతినిధి అన్నది నేడు సహజ సూత్రంగా కనిపిస్తుంది. గణతంత్ర భారతం తొలి రెండు ఎన్నికలు ఆ సూత్రంతో జరగలేదు. 1951-52లో లోక్‌సభకు 489 స్థానాలుంటే నియోజకవర్గాలు 401 మాత్రమే. వాటిలో 86 ద్విసభ్య నియోజకవర్గాలు. ఉత్తర బెంగాల్‌ నుంచి ఏకంగా ముగ్గురు ఎన్నికయ్యారు. 1957 నాటికి ద్విసభ్య నియోజకవర్గాలు 91కి పెరిగాయి.

ఈ ఏర్పాటుకు మూలం 1932 నాటి పూనా ఒడంబడికలో ఉంది. దళితులకు ప్రత్యేక ఓటర్ల జాబితా బదులు, ఉమ్మడి జాబితాలోనే రిజర్వుడు స్థానాలు ఇవ్వాలన్నది నాటి రాజీ. దాన్ని అమలుచేసే మార్గంగా, విశాలమైన నియోజకవర్గంలో ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు అనే పద్ధతి స్థిరపడింది. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. రెండూ ఒకే అభ్యర్థికి వేయరాదు. అభ్యర్థికొక పెట్టె ఉండే ఆ రోజుల్లో రెండు పత్రాలూ ఒకే పెట్టెలో వేస్తే ఒకటి చెల్లేది కాదు.

చిక్కు అక్కడే మొదలైంది. 1952లో బొంబాయి ఉత్తర నియోజకవర్గంలో డాక్టర్ అంబేడ్కర్ రిజర్వుడు స్థానానికి పోటీచేసి నారాయణ్ కాజ్రోల్కర్ చేతిలో ఓడిపోయారు. రెండో ఓటును వృథా చేయమని ప్రచారం సాగిందంటూ ఆయన, జనరల్ స్థానానికి పోటీచేసిన అశోక్ మెహతా ఎన్నికల పిటిషన్ వేశారు. ఫలితం మారలేదు. రెండు ఓట్లున్నంత మాత్రాన రెండింటికీ సమాన విలువ రాదని ఆ ఎన్నిక చాటింది.

అయిదేళ్ల తర్వాత ఈ పద్ధతి మరో కోణం బయటపడింది, అదీ ఆంధ్రప్రదేశ్‌లోనే. నాటి శ్రీకాకుళం జిల్లా పార్వతీపురంలో కేంద్ర మాజీ కార్మిక మంత్రి వి.వి. గిరి పోటీచేశారు. నిబంధన ప్రకారం ముందుగా రిజర్వుడు స్థానాన్ని అత్యధిక ఓట్లు పొందిన గిరిజన అభ్యర్థితో నింపాలి. అది బిడ్డిక సత్యనారాయణకు దక్కింది. మిగిలినవారిలో ఎక్కువ ఓట్లు పొందినవారిది జనరల్ స్థానం. అక్కడ స్వల్ప తేడాతో గిరిని దాటినవారు దిప్పల సూరి దొర. ఆయనా గిరిజనుడే.

జనరల్ స్థానం గిరిజనుడికి ఎలా దక్కుతుందన్నది గిరి అభ్యంతరం. సూరి దొర ఇప్పుడు మూక దొర తెగవాడు కాదని, క్షత్రియుడని కూడా వాదన నడిచింది. 1959లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో రెండు వాదనలనూ తోసిపుచ్చింది. రిజర్వేషన్ కనీస హామీయే తప్ప పరిమితి కాదన్నది ఆ తీర్పు సారం. జనరల్ స్థానం అంటే అందరిదీ. అగ్రవర్ణాలకు కేటాయించినది కాదు.

రాజ్యాంగపరంగా ఇది గట్టి సూత్రం. రాజకీయంగా మాత్రం పార్టీల పెద్దలకు మింగుడుపడలేదు. రెట్టింపు విస్తీర్ణం, రెట్టింపు ఖర్చు, జవాబుదారీ ఎవరిదో తేలని స్థితి వంటి న్యాయమైన ఫిర్యాదులు ముందే ఉన్నాయి. వాటికి ఈ భయం తోడైంది. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టం చేసింది. ఒక్కోదాన్ని రెండుగా చీల్చి, ఒక భాగాన్ని రిజర్వు చేశారు. 1962లో 494 స్థానాలకూ ఏకసభ్య ఎన్నికలే జరిగాయి.

ఓటరుకు ప్రతినిధి దగ్గరయ్యాడు, ప్రచార భారం తగ్గింది. కానీ పోయినదీ తక్కువ కాదు. అంతకుముందు ఆ నియోజకవర్గం మొత్తంలోని దళితులకు, గిరిజనులకు తమవాడైన సభ్యుడు ఒకరుండేవారు. చీలిక తర్వాత జనరల్ భాగంలో మిగిలినవారికి ఆ హామీ లేదు. రిజర్వుడు భాగంలోని ఇతరులకు తమ వర్గం నుంచి నిలబడే అవకాశం పోయింది. జనరల్ స్థానంలో దళిత, గిరిజన అభ్యర్థి పోటీచేయడాన్ని చట్టం నేటికీ అడ్డుకోదు. టికెట్ ఇవ్వకుండా పార్టీలే అడ్డుకుంటున్నాయి.

మహిళా రిజర్వేషన్‌పై సుదీర్ఘ చర్చలో ద్విసభ్య స్థానాల ఆలోచన మళ్లీ వినిపించడం యాదృచ్ఛికం కాదు. సరిహద్దు గీత ఎక్కడ పడుతుందన్నది లెక్కల వ్యవహారంలా కనిపిస్తుంది. ఎవరికి గొంతు దక్కుతుందో, ఎవరికి దక్కదో నిర్ణయించేది ఆ గీతే. 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణ మహిళల కోటాను పునర్విభజనతో ముడిపెట్టింది. ఆ గీతలు గీసేవారు పార్వతీపురం తీర్పును ఒకసారి చదవడం మంచిది.