నిప్పుకి తగిన మూస

అమరావతి శిల్పాల్లో ఎన్ని సున్నమైపోయాయో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. 1790లలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ ఊరు కట్టిస్తున్నప్పుడు రాళ్ళకోసం, ఇటుకలకోసం దీపాలదిన్నెని తవ్వారు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. అయినా ఎన్నో ఫలకాలు బట్టీల పాలయ్యాయి. బుద్ధుడి కథ చెక్కిన రాయి సున్నం కావడానికి దాదాపు 900 డిగ్రీల వేడి చాలు మరి!

నిప్పు పుట్టించడం మనిషికి ఎప్పుడో చేతనైంది. దాన్ని ఏ పాత్రలో పెట్టాలన్నదే అసలు చిక్కు. సున్నానికి బట్టీ, బంగారానికి కంసాలి మూస సరిపోయాయి. 1538 డిగ్రీల దగ్గర కరిగే ఇనుముకి కూడా నిప్పుకోర్చే ఇటుకలు దొరికాయి. టైటానియం దగ్గరకొచ్చేసరికి ఈ పాకశాస్త్రం పనికిరాలేదు. అది కరిగేది 1668 డిగ్రీల దగ్గర. కరిగాక ఊరుకుంటుందా? పోసిన మూసలోంచే ఆక్సిజన్ లాక్కుని పెళుసైపోతుంది. గాలి తగిలినా అంతే!

వేడికేం, దొరుకుతుంది. గుంటూరులో ట్రాక్టరు ట్రక్కు అతికే వెల్డింగు షాపు ముందు, "అటు చూడకు, కళ్ళు పోతాయి" అని పిల్లల్ని లాక్కుపోతాం కదూ? ఆ నీలి మెరుపులో ఉన్నది ప్లాస్మాయే. కరెంటు గాలిలోంచి దూకేటప్పుడు గాలి అణువులే చితికి, విద్యుత్తుని మోసుకుపోయే వాయువవుతాయి. ఆ వేడి సూర్యుడి పైపొరని మించుతుంది. ప్లాస్మా అన్న పేరు 1928లో లాంగ్‌మ్యూర్ పెట్టాడు.

పేరు రాకముందే పని మొదలైంది. 1903లో జర్మనీలో ఫాన్ బోల్టన్, బల్బు తీగలకోసం టాంటలాన్ని విద్యుత్ జ్వాలలో కరిగించాడు. 1940 నాటికి లక్సెంబర్గు వాడైన విలియం క్రోల్, టైటానియాన్ని రాగిమూసలో కరిగించాడు. విడ్డూరం కాదూ? రాగి 1085 డిగ్రీలకే కరిగిపోతుందే! కిటుకు ఏమిటంటే, మూస చుట్టూ చన్నీళ్ళు పారుతుంటాయి. రాగిని తాకిన టైటానియం తక్షణం గడ్డకట్టి పొరవుతుంది. ఆ పొరే మిగతా ద్రవానికి గిన్నె. తన పాత్ర తనే!

1973లో హైదరాబాదు కంచన్‌బాగ్‌లో వెలసిన మిధాని కర్మాగారంలో ఈ పని ఏళ్ళ తరబడి సాగుతోంది. టైటానియం స్పాంజిని నొక్కి స్తంభంలా చేసి, గాలి తీసేసిన కొలిమిలో వేలాడదీస్తారు. అడుగున జ్వాల పుడితే స్తంభమే చుక్కలు చుక్కలుగా కరిగి మూసలోకి రాలుతుంది. ఒకసారి కరిగిస్తే చాలదు. లోహం అంతటా ఒక్కతీరున ఉండాలంటే మళ్ళీ కరిగించాలి. కరెంటు ఖర్చూ రెట్టింపే.

భయం కూడా తక్కువది కాదు. జ్వాల దారితప్పి గోడకి తగిలితే రాగికి చిల్లు పడుతుంది. కాపాడే చన్నీళ్ళే లోపలికి చొరబడి పేలుడవుతాయి. అందుకే ఇలాంటి కొలిముల్ని గట్టి గోడల వెనక పెట్టి, దూరంనించే నడుపుతారు.

మన భీమిలి తీరంలోని నల్లఇసుకలో కూడా టైటానియం ఖనిజం ఉంది. రాకెట్టులో ఎగిరేదీ, తుంటి విరిగిన పెద్దావిడని మళ్ళీ నాలుగడుగులు నడిపించేదీ ఈ లోహమే. ఆవిడ వంటింటిదాకా నడవగలిగిందంటే, ఎక్కడో ఒక రాగిమూస చుట్టూ చన్నీళ్ళు ఆగకుండా పారాయన్నమాట.