నిజాం సంతకంతో వచ్చిన రాజ్యాంగం

సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు వెంటనే ఏమీ తోచలేదు. ఆ వారంలోనే గ్రూప్-2 పరీక్షకు చదువుకుంటున్న మా మనుమరాలు, "తాతా, రాజ్యాంగం రాసినోళ్లల్ల మన కరీంనగర్ వాళ్లు, ఆదిలాబాద్ వాళ్లు ఎవరున్నరు?" అని అడిగింది. "ఎవ్వరు లేరు బిడ్డా. మన రెండు జిల్లాలే కాదు, హైదరాబాద్ సంస్థానం మొత్తంల నుంచే ఎవ్వరు లేరు" అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పు లేదు. మన తరంవాళ్లలో కూడా చాలామంది ఈ సంగతి పట్టించుకోలేదు.

దేశానికి రాజ్యాంగ పరిషత్తు ఏర్పడినప్పుడు పది లక్షల జనాభాకు ఒక సభ్యుడు చొప్పున లెక్క వేశారు. ఆ లెక్కన హైదరాబాద్ సంస్థానానికి 16 స్థానాలు వచ్చాయి. మైసూరు, తిరువాన్కూరు, బరోడా అన్నీ తమ ప్రతినిధులను పంపాయి. మన 16 స్థానాలు మాత్రం చివరిదాకా ఖాళీగానే ఉన్నాయి. 1947 జూన్‌లోనే నిజాం తాను ఇటు భారత పరిషత్తులో గాని, అటు పాకిస్తాన్ పరిషత్తులో గాని చేరబోనని, బ్రిటిష్‌వారు వెళ్లిపోగానే స్వతంత్రుణ్ని అవుతానని ప్రకటించాడు. హైదరాబాద్‌లో ఉండే సరోజినీ నాయుడు గారు పరిషత్తు సభ్యురాలే గాని ఆమె వెళ్లింది బీహారు నుంచి.

అసలు మన సంస్థానంలో రాజ్యాంగం అనదగినది ఏమున్నది? 1892లో ఆరో నిజాం కాలంలో 'ఖానూన్చా' అనే శాసనం వచ్చింది. దాని కింద ఒక శాసన మండలి ఏర్పడింది. సలహా చెప్పడమే దాని పని. 1937లో అరవముదు అయ్యంగార్ కమిటీని వేశారు, 1939లో సంస్కరణలు ప్రకటించారు, యుద్ధం పేరుతో వాయిదా వేశారు. ఆ పథకంలో ఊరివారీగా మనుషుల వోటు లేదు. జాగీర్దార్లకు ఇన్ని, పట్టాదార్లకు ఇన్ని, వర్తకులకు ఇన్ని అని వర్గాల వారీగా పంచారు. 1946లో అసెంబ్లీ వచ్చినప్పుడు స్టేట్ కాంగ్రెస్ దాన్ని బహిష్కరించింది. ఇక సభల సంగతి. 'గస్తీ నిషాన్ 53' అనే సర్క్యులర్ ఉండేది. అనుమతి లేనిదే నలుగురు కూడి మాట్లాడడానికి వీలు లేదు. 1935లో మన సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు గారి అధ్యక్షతన నాలుగో ఆంధ్ర మహాసభ జరిగిందంటే, ఆ రోజుల్లో అదెంత సాహసమో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. ఈ గస్తీ నిషాన్ మాట గుర్తుపెట్టుకోండి.

తర్వాతి కథ మీకు తెలిసిందే. సాయుధ పోరాటం, రజాకార్లు, ఊళ్లు వదిలి సరిహద్దులు దాటిపోవడం, 1948 మార్చిలో మన మహ్మదాపురం గుట్టల దగ్గర అనభేరి ప్రభాకరరావు గారు తన సహచరులతో సహా నేలకొరగడం, సెప్టెంబరు 13 నుంచి 17 దాకా పోలీసు చర్య. ఇది విప్లవమా, కాదా అని పండితులు వాదించుకోనీయండి. దొరల గడీల ముందు చేతులు కట్టుకొని నిలబడ్డ మనుషులు తలెత్తిన కాలమది. నా వరకు అది విప్లవమే.

లోకంలో విప్లవం తర్వాత రాజ్యాంగం ఎలా వస్తుంది? అమెరికాలో ఇంగ్లండు రాజును వెళ్లగొట్టినవాళ్లే 1787లో ఫిలడెల్ఫియాలో 55 మంది కూర్చొని రాసుకున్నారు. రాసింది చాలదని, రాష్ట్రానికొక సభ పెట్టి ప్రజల ఆమోదం తీసుకున్నారు. ఫ్రాన్సులో తిరగబడ్డవాళ్ల సభే 1791లో రాజుకు హద్దులు గీసింది. తిరుగుబాటు చేసినవాళ్ల చేతిలోనే కలం ఉండడం మామూలు రివాజు. మన దగ్గర తారుమారైంది. ఎవరి మీద తిరగబడ్డారో ఆయన సంతకంతోనే మనకు రాజ్యాంగం వచ్చింది.

1949 నవంబరు 23న, అంటే ఢిల్లీలో పరిషత్తు రాజ్యాంగాన్ని ఆమోదించడానికి సరిగ్గా మూడు రోజుల ముందు, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒక ఫర్మానా జారీ చేశాడు. త్వరలో ఆమోదం పొందబోయే భారత రాజ్యాంగమే హైదరాబాద్‌కూ రాజ్యాంగమవుతుందని దాని సారాంశం. కాని అందులో ఇంకొక వాక్యం ఉంది. మా నాయన గారు గిర్దావర్‌గా పనిచేసినవారు, ఉర్దూ జరీదాలు శ్రద్ధగా చదివేవారు. ఆ వాక్యం గురించి ఆయన చెబితేనే నాకు మొదట తెలిసింది. ఈ అంగీకారం రాష్ట్ర ప్రజల ధ్రువీకరణకు లోబడి ఉంటుందని, త్వరలో ఏర్పడబోయే హైదరాబాద్ రాజ్యాంగ పరిషత్తు ద్వారా ప్రజలు చెప్పిందే యూనియన్‌తో సంబంధం విషయంలోనూ, రాష్ట్ర రాజ్యాంగం విషయంలోనూ ఖాయమవుతుందని ఆ వాక్యం.

ఆ పరిషత్తు ఎన్నడూ ఏర్పడలేదు. సంస్థానాలకు వేరువేరు రాజ్యాంగాలు అవసరం లేదు, అన్నింటికీ ఒకటే చాలునని 1949లోనే ఢిల్లీలో తేల్చేశారు. ఒక్క కాశ్మీరు మాత్రం 1951లో తన పరిషత్తును పెట్టుకొని వేరే రాజ్యాంగం రాసుకున్నది, 2019 దాకా నడిపింది. మనం 1950 జనవరి 26న 'బి' తరగతి రాష్ట్రమయ్యాం. నిజాం రాజప్రముఖుడయ్యాడు. వెల్లోడి అనే ఐ.సి.ఎస్. అధికారి ముఖ్యమంత్రి అయ్యాడు, ఎవరూ ఎన్నుకోకుండానే. జీతాలు మాత్రం ఇంకా హాలీ సిక్కాలోనే వచ్చేవి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ల లెక్క మన పెద్దవాళ్ల నోట విననివాళ్లు ఉండరు.

మరి ఫర్మానాలో చెప్పిన ప్రజల మాట ఎప్పుడు వినబడింది? నన్నడిగితే 1952 ఎన్నికల్లో. కొందరు మిత్రులు ఒప్పుకోకపోవచ్చు, కాని ఆ ఫలితాలు చూడండి. అప్పటికి హైదరాబాద్‌లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించి, పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీకి దిగారు. 21 ఏళ్లు నిండిన ప్రతి ఆడకూ, మగకూ వోటు. పట్టా ఉందా, చదువు ఉందా అని అడిగినవాడు లేడు. కరీంనగర్ పార్లమెంటు స్థానం అప్పుడు ద్విసభ్య స్థానం. ఒక సీటుకు సాయుధ పోరాటంలో ఈ ప్రాంతపు నాయకుడైన బద్దం ఎల్లారెడ్డి గారు ఫ్రంట్ తరఫున గెలిచారు. రిజర్వుడు సీటుకు ఎం.ఆర్. కృష్ణ గారు షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ తరఫున గెలిచారు. అది అంబేడ్కర్ గారి పార్టీ. రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన ఆయనే ఆ ఎన్నికల్లో బొంబాయిలో ఓడిపోయారు. దేశం మొత్తంలో ఆయన పార్టీకి వచ్చిన లోకసభ సీట్లు రెండంటే రెండు, ఒకటి షోలాపూర్, రెండోది మన కరీంనగర్! పక్కన ఆదిలాబాద్‌లో సోషలిస్టు పార్టీ అభ్యర్థి సి. మాధవరెడ్డి గారు గెలిచారు. ఈ మూడు సీట్లలో కాంగ్రెసుకు ఒక్కటీ దక్కలేదు.

రాష్ట్ర అసెంబ్లీలో 175 స్థానాలకు 93 గెలిచి కాంగ్రెసే ప్రభుత్వం చేసింది, బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఫ్రంట్ 42 స్థానాలతో ఎదురుగా కూర్చుంది. నిన్నటిదాకా అడవిలో తుపాకి పట్టినవాళ్లు, తాము రాయని రాజ్యాంగం మీద ప్రమాణం చేసి చట్టసభలో కూర్చున్నారు. అంతకన్నా పెద్ద ధ్రువీకరణ ఏ పరిషత్తు మాత్రం ఇవ్వగలిగేది?

రాజ్యాంగం పాతదాన్ని ఒక్కసారిగా తుడిచెయ్యలేదన్నది కూడా చెప్పాలి. ఉద్యోగులుగా మనకు బాగా తెలిసిన ముల్కీ నిబంధనలే చూడండి. 1919 నాటి ఫర్మానా నుంచి వచ్చినవి. ఉద్యోగాల్లో నివాసాన్ని బట్టి తేడా చూపరాదని 16వ అధికరణం చెబుతుంది. పార్లమెంటు మార్చేదాకా పాత నిబంధనలు సాగుతాయని 35వ అధికరణం చెబుతుంది. ఈ రెంటి నడుమ మన సర్వీసులు ఎన్ని మలుపులు తిరిగాయో! 1969 ఉద్యమం, ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్న 1972 అక్టోబరు సుప్రీంకోర్టు తీర్పు, ఆ వెంటనే జై ఆంధ్ర, చివరకు 1973లో 32వ సవరణతో 371-డి. సీనియారిటీ లిస్టుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మిత్రులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఆదిలాబాద్ కథ వేరు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం పోలీసు కాల్పుల్లో చనిపోయాక, నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే పండితుణ్ని పిలిపించి గోండుల స్థితిగతులు చూపించుకున్నది. ఆ తర్వాత వాళ్లకు లావణి పట్టాలు ఇచ్చారు, గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రెగ్యులేషన్ తెచ్చారు. రాజ్యాంగం వచ్చాక అయిదో షెడ్యూలు కింద 1950 డిసెంబరులో రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆ ప్రాంతాలు షెడ్యూల్డు ప్రాంతాలయ్యాయి. కాగితం మీద రక్షణ ఉన్నా భూమి చేతులు మారుతూనే వచ్చింది. భూబదలాయింపు రెగ్యులేషన్ తెలంగాణకు వర్తించింది 1963లో, గట్టిపడింది 1970లో. నేను ఉట్నూరు తాలూకాలో పనిచేసిన రోజుల్లో, ఉర్దూలో రాసిన లావణి పట్టాను బట్టలో చుట్టి, వెదురు గొట్టంలో పెట్టుకొని వచ్చిన ముసలివాళ్లను చూశాను. అది చదవగలిగినవాడు ఆఫీసులో నేనొక్కణ్నే. చదివి వినిపిస్తే, "మా నాయన చెప్పిందే ఉన్నది సారూ" అని మళ్లీ చుట్టుకొని పోయేవారు. భూమి మాత్రం అప్పటికే వేరేవాళ్ల సాగులో ఉండేది.

1981 ఏప్రిల్ 20న ఆ భూముల కోసమే ఇంద్రవెల్లిలో గోండులు సభ తలపెట్టారు. సంత రోజు. అనుమతి రద్దయింది, సంగతి తెలియక జనం వచ్చారు, పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వ లెక్క, అంతకు ఎన్నో రెట్లని ఊళ్లలో లెక్క. సభ జరుపుకునే హక్కు 19వ అధికరణంలో ఉంది, గస్తీ నిషాన్ 53 పోయి అప్పటికి మూడు దశాబ్దాలు దాటింది. తర్వాత అక్కడ స్తూపం కట్టారు. ఏటా ఏప్రిల్ 20న ఆ స్తూపం దగ్గరకు పూలు తీసుకొని వెళ్లాలన్నా, చాలా ఏళ్లపాటు అక్కడ నిషేధాజ్ఞలు ఉండేవి.