మొలకలోని చక్రము

అనంతపురపు టెఱ్ఱనేలలో ఒక్క పదునుకే మొలచు వేరుసెనగవిత్తును చూచి రైతు చేతులు మోడ్చును, మేమును అచ్చెరువందుదుము. ఆ మొలకకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో హార్వర్డున ఫిస్కెతో గూడి కండరమునందు కనుగొన్నవాడు మన భీమవరమున బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. (అదే యేట జర్మనీలో లోమనుకును దొరకినది.) దానిని కూర్చు ప్రోటీను నీటిచక్రమువలె నిజముగనే తిరుగును; దాని పనితీరును తెలిపిన బోయరు, వాకరులకు 1997లో నోబెలు బహుమానము వచ్చెను.

చక్రమున్నచోట వడ్రంగి యుండవలదా యని ఆస్తికు లడుగుదురు. ప్రశ్న హేళనకు దగినది కాదు. సుబ్బారావును యౌవనమున రామకృష్ణమఠమున చేరగోరినవాడే. అయినను దైవలీల యని పరీక్షనాళికను దించలేదు. అయితే ఆ చక్రపు భాగములు, కణములో న్యూక్లియికామ్లపు పేటలను విప్పు వేఱొక ప్రోటీనును పోలియున్నవి. పాతపనిముట్టే కొత్తపనికి మారెనను పరిణామవాదుల యూహ మాకు సమంజసముగ దోచుచున్నది. ఆ మార్పు ఏ క్రమమున జరిగెనో యింకను పూర్తిగ తేలలేదు. సుబ్బారావువంటివారికి పని మిగిలియే యున్నది.