పార్కులో పుట్టిన స్టేడియం

వాషర్‌మెన్‌పేట్‌లో చెన్నై మెట్రో ఎక్కితే మణ్ణడి, హైకోర్టు దాటగానే సెంట్రల్. పైకొస్తే తెల్లగా రిప్పన్ బిల్డింగ్, దాని ఆవరణలో సర్ పిట్టి త్యాగరాయ చెట్టి విగ్రహం. తెలుగు నేతకారుల ఇంట పుట్టిన మనిషి. వాషర్‌మెన్‌పేట్‌లో మగ్గాల షెడ్డు నడిపాడు, మద్రాసు కార్పొరేషన్‌కు ప్రభుత్వోద్యోగి కాని తొలి అధ్యక్షుడయ్యాడు. ఆయన పేరిట 1950లో పాత వాషర్‌మెన్‌పేట్‌లో కాలేజీ కూడా వెలిసింది. రిప్పన్ బిల్డింగ్ వెనక ఆ కార్పొరేషన్ పేరుతోనే మొదలైన మైదానం ఉంది. అదే నేటి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. దాన్ని ఇన్నిసార్లు బాగుచేశాక కూడా ఫుట్‌బాల్ చూసేందుకు వచ్చే జనం ఎందుకు తగ్గారో తెలియాలంటే దాని పుట్టుక దగ్గరికి వెళ్ళాలి.

1859లో గవర్నర్ చార్లెస్ ట్రెవెల్యాన్ ఇక్కడ పీపుల్స్ పార్కుకు నాంది పలికాడు. నూరెకరాలు మించిన తోట, చెరువులు, కొన్నాళ్ళకు జంతుప్రదర్శనశాల. మద్రాసు కోటకు ఉత్తరాన ఇరుకు సందుల్లో బతికే జనానికి సాయంత్రం కాస్త ఊపిరి పీల్చుకునే చోటు అది. తర్వాత ఆ పచ్చదనాన్ని నగరం ముక్కలు ముక్కలుగా కోసుకుంది. విక్టోరియా పబ్లిక్ హాల్ లేచింది. 1900లో మూర్ మార్కెట్, 1913లో రిప్పన్ బిల్డింగ్ వచ్చాయి. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది, అదే ఏడు జంతుప్రదర్శనశాల వండలూరుకు తరలింది. ఇన్ని మార్పుల మధ్య ఆ పార్కు నేలలో ఆటకు దక్కిన భాగమే కార్పొరేషన్ స్టేడియం.

మొదట పేరు తెచ్చింది క్రికెట్. 1956 జనవరిలో న్యూజిలాండ్ మీద వినూ మన్కడ్, పంకజ్ రాయ్ తొలి వికెట్‌కు 413 పరుగులు చేసింది ఇక్కడే. ఆ రికార్డు 52 ఏళ్ళు నిలిచింది. మన్కడ్ 231 పరుగులను భారత ఆటగాడు దాటడానికి 1983 దాకా పట్టింది. అదీ ఈ ఊళ్ళోనే, చేపాక్‌లో, గవాస్కర్ బ్యాటుతో. 1965 దాకా తొమ్మిది టెస్టులు జరిగాక క్రికెట్ చేపాక్‌కు వెళ్ళిపోయింది. మైదానం ఫుట్‌బాల్‌కు మిగిలింది.

లీగ్ ఫుట్‌బాల్‌కు ఈ నగరంలో అసలు బలం ఆఫీసు జట్లు. పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారం ఐసీఎఫ్, సదరన్ రైల్వే, పోర్ట్ ట్రస్టు, కస్టమ్స్, ఇండియన్ బ్యాంకు. బాగా ఆడే కుర్రాడికి ఉద్యోగమిచ్చేవాళ్ళు. పోర్టులో, రైల్వేలో పనిచేసే కుటుంబాలు వాషర్‌మెన్‌పేట్, రాయపురం, పెరంబూరు వీధుల్లోనే ఉండేవి. తమ వీధి పిల్లాడు జెర్సీ వేసుకుంటే వీధి వీధంతా గ్యాలరీకి కదులుతుంది. ఈ కొలువుల సంగతి వదిలేసి స్టేడియం కథ చెప్పడం కుదరదు. ప్రేక్షకుడికి ఆటగాడు చుట్టమో, పక్కింటివాడో, క్లాసుమేటో అయినప్పుడే గ్యాలరీ నిండుతుంది. సిమెంటు బెంచీయా, ప్లాస్టిక్ కుర్చీయా అని ఎవరూ చూడరు.

1993లో పాత స్టేడియం స్థానంలో దాదాపు నలభై వేలమంది పట్టే కొత్తది 260 రోజుల్లో లేచింది. అప్పట్లో అదో ఘనకార్యం, నిజంగానే గర్వపడాల్సిన పని. ఆ ఏడే నెహ్రూ కప్ ఫుట్‌బాల్ ఇక్కడ జరిగింది, ఉత్తర కొరియా గెలిచింది. 1995లో దక్షిణాసియా క్రీడలొచ్చాయి. అలాంటి పోటీలకు అథ్లెటిక్ ట్రాక్ తప్పదు. ఆ ట్రాకే ఫుట్‌బాల్ ప్రేక్షకుణ్ణి వెనక్కి నెట్టింది. గోల్‌పోస్టు వెనక స్టాండులో కూర్చుంటే మధ్యలో సింథటిక్ ట్రాక్ వంపు, దాని లోపల గడ్డి, ఆ పైన గోల్. అవతలి కొసన బంతి వలలో పడిందో, వల పక్కనుంచి పోయిందో గోల్‌కీపర్ నడకను బట్టి పోల్చుకోవాలి. పైగా రెండు మూడు వందలమంది వచ్చే లీగ్ మ్యాచ్‌ను నలభై వేల కుర్చీల మధ్య పెడితే, వచ్చినవాళ్ళకు కూడా ఎవరూ రాలేదనే అనిపిస్తుంది.

2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైంది. అందులో నగర జట్టు చెన్నైయిన్ ఎఫ్‌సీ కోసం స్టేడియానికి మళ్ళీ మెరుగులు దిద్దారు. మొదటి సీజన్లలో జనం పోటెత్తారు, ఆ హోరు విన్నవాళ్ళకు ఫుట్‌బాల్ ఇక తిరిగొచ్చేసిందనిపించింది. జట్టు 2015లోనూ, 2017-18 సీజన్‌లోనూ కప్పు గెలిచింది. కానీ రెండు ఫైనళ్ళూ బయటే జరిగాయి, ఒకటి గోవాలో, మరొకటి బెంగళూరులో. 2015 డిసెంబరు వరదల్లో ఊరు మునిగిపోయి సొంతగడ్డ సెమీఫైనల్‌ కూడా పుణెకు వెళ్ళింది. 2020 మార్చిలో గోవాలో ప్రేక్షకులే లేకుండా జరిగిన ఫైనల్లో ఓడింది. కోవిడ్ వల్ల తర్వాతి రెండు సీజన్లు పూర్తిగా గోవాలోనే. 2022లో జట్టు తిరిగొచ్చేసరికి మొదటి ఏళ్ళ సందడి గ్యాలరీల్లో లేదు. 2025లోనైతే లీగే సమయానికి మొదలుకాలేదు.

జనం తగ్గడం ఒక్క చెన్నై బెడద కాదు. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే ఊరి పండుగ. అది వేరే ఆటే అయినా మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చుంటారు. అక్కడా 2008 తర్వాత దాదాపు పదేళ్ళపాటు సగటు హాజరు తగ్గుతూ వచ్చింది. చాలా యూనివర్సిటీలు సీట్లు తగ్గించి ఖరీదైన బాక్సులు కట్టాయి, వైఫై పెట్టాయి. ఇంట్లో పెద్ద టీవీ ఉన్నవాణ్ణి బయటికి లాగడానికి పడ్డ పాట్లవి. అయినా ఆ గ్యాలరీల్లో నేటికీ కూర్చునేది ఎక్కువగా అక్కడ చదువుతున్నవాళ్ళూ, చదివినవాళ్ళూ, ఆ ఊరివాళ్ళూ.

కట్టడం కాదు, దానితో బంధం ఉన్న మనుషులే ముఖ్యమని మన హైదరాబాదూ చెబుతుంది. 1950 నుంచి వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గొప్ప స్టేడియంలోంచి పుట్టలేదు. పోలీసు శాఖ ఇచ్చిన కొలువులు, సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణ, ఆ చుట్టుపక్కల మైదానాల్లో ఆడే పిల్లలు, ఈ మూడూ కలిసి పుట్టించాయి. రహీం శిక్షణలోనే దేశం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో ఆసియా స్వర్ణం తెచ్చింది.

ఉత్తర చెన్నైలో పిల్లలు మాత్రం ఏమీ తగ్గలేదు. వ్యాసర్పాడిని ఇప్పటికీ మినీ బ్రెజిల్ అంటారు. అక్కణ్ణుంచి వచ్చిన ధనపాల్ గణేశ్ చెన్నైయిన్‌కు ఆడాడు, దేశానికీ ఆడాడు. స్టేడియం పక్కన పెరియమేడు దుకాణాల్లో బూట్లు బేరమాడే కుర్రాళ్ళను చూస్తే ఆట చచ్చిపోయిందని ఎవరూ అనలేరు. ఆ బూట్లు ఎక్కువగా మట్టి మైదానాల్లోనే అరుగుతాయి, అంతే.

కాబట్టి స్టేడియానికి మరోసారి మెరుగులు దిద్దేముందు నా కోరిక ఒక్కటే. నగర లీగ్ సీనియర్ డివిజన్ ఆఖరి మ్యాచ్‌నూ, అంతర్ కాలేజీ ఫైనల్‌నూ ఇదే స్టేడియంలో, ఫ్లడ్‌లైట్ల కింద, చెన్నైయిన్ మ్యాచ్‌కు ముందు ఆడించాలి. ఒకే టిక్కెట్టు మీద రెండూ చూడనివ్వాలి. త్యాగరాయ కాలేజీ జట్టు దిగిన రోజున వాషర్‌మెన్‌పేట్ పిల్లలకు ఉచితంగా ఒక స్టాండు కేటాయించాలి. మూడు స్టేషన్ల దూరమే కదా, వాళ్ళు వస్తారు.