కిటికీ మూయాలా, తెరవాలా? స్మార్ట్ ఇంట్లో గాలి లెక్క

చలికాలం వస్తే దిల్లీలో చాలా ఇళ్ల కిటికీలు మూతపడతాయి. ఎయిర్ ప్యూరిఫయర్లు రాత్రింబవళ్లు నడుస్తాయి. వాటి ఫిల్టర్లు సూక్ష్మ ధూళి కణాలను పట్టుకుంటాయి గానీ, మనం ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోలేవు. అది మూసిన గదిలోనే పేరుకుపోతుంది. మామూలు స్ప్లిట్ ఏసీ కూడా గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది.

అందుకే స్మార్ట్ వ్యవస్థకు రెండు కొలతలు అవసరం.

పీఎం 2.5: 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించరాదన్నది భారత ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 15 మాత్రమే.

కార్బన్ డయాక్సైడ్: ఆరుబయట ఇది సుమారు 420 పీపీఎం ఉంటుంది. గదిలో 1,000 దాటితే తాజా గాలి చాలడం లేదని సాధారణంగా లెక్కిస్తారు.

మొదటిది కిటికీ మూయమంటుంది, రెండోది తెరవమంటుంది. ఈ పేచీని తీర్చడమే ఆటోమేషన్ పని. లోపలి, బయటి రీడింగులను పోల్చి, బయట కాలుష్యం తగ్గిన వేళ కిటికీ తెరవమని ఫోన్‌కు సందేశం పంపుతుంది లేదా ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను నడుపుతుంది. దిల్లీ చలికాలంలో రాత్రి, తెల్లవారుజాము కంటే మధ్యాహ్నమే సాధారణంగా గాలి కాస్త మెరుగు. ఆ తర్వాత కిటికీలు మూసి, లోపలికి చేరిన ధూళిని ప్యూరిఫయర్‌తో తొలగించవచ్చు.

కరెంటూ ఆదా అవుతుంది. ఫ్యాన్ వేగం సగమైతే దానికి కావలసిన విద్యుత్ సిద్ధాంతరీత్యా ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి ప్యూరిఫయర్‌ను రోజంతా పూర్తి వేగంతో నడపకుండా, అవసరమైనప్పుడే వేగం పెంచడం మేలు. వేసవిలో ఏసీని ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం విద్యుత్ ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలకు 2020 జనవరి నుంచి 24 డిగ్రీల డిఫాల్ట్ సెట్టింగ్ తప్పనిసరైంది.

సెన్సర్లకూ పరిమితులున్నాయి. చౌక లేజర్ సెన్సర్లు పొగమంచులోని నీటి బిందువులను సైతం ధూళిగా లెక్కించవచ్చు. కొన్ని పరికరాలు కార్బన్ డయాక్సైడ్‌ను కొలవకుండా, ఇతర వాయువులను బట్టి అంచనా వేసి చూపుతాయి. పరారుణ కాంతితో నేరుగా కొలిచేవాటిని ఎంచుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. చలికి మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణాలు తీస్తుంది. ధూళి సెన్సర్ గానీ కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ గానీ దాన్ని పసిగట్టలేవు. దానికి వేరే అలారం కావాలి. అసలు మూసిన గదిలో కుంపటి పెట్టకపోవడమే రక్ష.