కారులోని తిత్తి



కమ్మరి కొలిమిని ఎరిగినవారికి నేడు నేను చెప్పబోవు సంగతి సులభముగా బోధపడును. తిత్తి లేచినప్పుడు గాలి లోనికి వచ్చును. అణగినప్పుడు నిప్పుమీదికి పోవును. లోనికి వచ్చిన గాలి వచ్చిన దారినే మరలిపోకుండ ఒక చిన్న మూత కాపుండును. తోలు చినిగినచో కమ్మరి యెంత నేర్పరియైనను కొలిమి రగులదు. పాత కార్లలో ట్యాంకునుండి ఇంజనునకు పెట్రోలు తెచ్చు పంపు ఇట్టి తిత్తియే. మెకానిక్కులు దీనిని ఏసీ పంపు అందురు. చల్లనిగాలి యంత్రమునకును దీనికిని ఏ సంబంధమును లేదు.

మొదట కార్లకు ఇట్టి పంపు లేదు. 1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు టి మోడలులో పెట్రోలు తనంతట పల్లమునకు దిగెడిది. నిట్రమైన మిట్ట వచ్చినప్పుడు ఇంజను ఎత్తుగుటచే పెట్రోలు అందక, కొందరు బండిని త్రిప్పి వెనుకనడకతో ఎక్కించెడివారు. మన హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను దానిని కోరి చేయించెను. 1911లోనే ఆయన మరణించుటచే అది ఏడవ నిజామునకు చెందెను. ఆ తరగతి కార్లలో ట్యాంకులోనికి గాలి కొట్టి, ఆ ఒత్తిడితో పెట్రోలును ముందునకు త్రోసెడివారు. బయలుదేరుటకు ముందు చేతిపంపు ఆడింపవలసినదే. రాజుగారి బండికైనను ఆ శ్రమ తప్పలేదు.

1930 తరువాత ఇంజను బలముతోనే ఆడు పంపు విరివిగా వ్యాపించెను. ఇంజనులోని క్యాము ఒక మీటను కదల్చును. మీట రబ్బరుపూత గల గుడ్డపొరను క్రిందికి లాగును. స్ప్రింగు దానిని పైకి త్రోయును. రెండు వాల్వులు పెట్రోలును ఒకే దిక్కునకు నడిపించును. 1957 నుండి 2014 వరకు మన దేశమున తయారైన అంబాసిడరులో అనేక బండ్లు ఈ పొరను నమ్ముకొనియే తిరిగినవి.

మా నాయనగారు నాకు విడిచిన 1978 నాటి అంబాసిడరు అట్టిదే. కొన్నియేండ్ల క్రిందట, ఎండకాలమున, అది దారిలో రొప్పసాగెను. వేడికి పెట్రోలు ఆవిరియై పంపు పట్టు తప్పినదని తలచి, డ్రైవర్ల వాడుక ప్రకారము తడిగుడ్డ కప్పితిని. అప్పుడు పంపు అడుగున సన్నని రంధ్రమునుండి పెట్రోలు చుక్కలు కారుట కనబడెను. ఉపాయశాలినను గర్వముతో సబ్బుముక్క నలిపి ఆ రంధ్రమును మూసితిని. వారము దినములు అట్లే తిరిగితిని.

పిమ్మట విజయవాడ రోడ్డున వచ్చుచు, ఎల్బీ నగర్ కూడలి చేరకముందే ఆటోనగర్ కడ బండి ఆగెను. అచటి వృద్ధ మెకానిక్కు ఇంజనాయిలు కడ్డీ తీసి వాసన చూచి, తల యూచి, "అది మూసెటందుకు కాదు సార్, చూసుకునెటందుకు పెట్టిండ్రు" అనెను. పొర చినిగినదని తెలుపుటకే ఆ రంధ్రము. దానిని మూయగా పెట్రోలు ఇంజనాయిలులో కలిసి దానిని పలుచన చేసెను, బేరింగులు అరిగెను.

ఆయన పంపు విప్పుటకు ముందే రెండు ముక్కలమీద ఆకురాయితో ఒక గీత గీసెను. మరల కూర్చునప్పుడు ఆ గీతలు కలియవలెను. క్రొత్త పొర, వాల్వులు, గ్యాస్కెట్టు వేసి, మీటను నొక్కిపట్టి, మరలను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించెను. చెడిన ఆయిలు యావత్తు తీసివేసెను. పంపుపని పూట పట్టెను. బేరింగులపని మాత్రము పెక్కు దినములు పట్టెను.

ఇంకొక కారణమును ఆయనయే చెప్పెను. 2003లో కొన్ని రాష్ట్రములలో 5 శాతముతో ఆరంభమై, పెట్రోలులో కలుపు ఇథనాలు 2025 నాటికి 20 శాతమునకు చేరినది. అది చెరకునుండియు ధాన్యమునుండియు తీయబడుటచే రైతునకు మేలైనదే. కాని పూర్వపు రబ్బరు దానిని ఓర్వజాలక చెడును. కావున పాత బండి గలవారు ఇథనాలునకు తాళు పొరను అడిగి కొనవలెను. అది చినుగువరకు వేచియుండరాదు.

మా బండి నేటికిని నడచుచున్నది. చినిగిన ఆ పాత పొరను పనిముట్ల పెట్టెలో దాచితిని. పెట్టె తెరచినప్పుడెల్ల నా సబ్బుముక్క జ్ఞాపకమునకు వచ్చును.