గీతలు పడినా ఆగని బొమ్మ

మా అక్క పెళ్ళి 2001లో జరిగింది. ఆ పెళ్ళంతా మూడు వీసీడీల్లో ఉంది. మొదటి దాంట్లో ఎదుర్కోలు, రెండో దాంట్లో జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, మూడో దాంట్లో అప్పగింతలు. బీరువాలో పట్టుచీరల కింద ఇరవై ఏళ్ళకు పైగా పడున్న రెండో డిస్కు మీద గోటితో గీరినట్టు గీతలు పడ్డాయి. పోయిన వేసవిలో బయట తగిలించుకునే సీడీ డ్రైవు ఒకటి కొని, మూడింటినీ కంప్యూటర్లోకి ఎక్కిద్దామని కూర్చున్నాను. రెండోది సగం కాపీ అయ్యాక ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ అక్కడే ఆగింది. చివరికి కాపీ సంగతి వదిలేసి డిస్కును నేరుగా వీఎల్‌సీలో తెరిచాను. గీత దగ్గరికి రాగానే బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయింది, సన్నాయి రెండు క్షణాలు తడబడింది, ఆ వెంటనే పంతులుగారి మంత్రం మళ్ళీ అందుకుంది.

చెడిన చోట చతికిలబడకుండా దాటుకుపోయే గుణం ఈ ప్లేయర్‌కు ఎలా అబ్బింది? దాని సంగతి పారిస్ శివారులోని ఒక కాలేజీ హాస్టల్లో ఉంది. అక్కడికి వెళ్ళేముందు, అది లేని రోజుల్లో మనం ఎలా నెట్టుకొచ్చామో చెప్పుకోవాలి.

వీసీడీ పద్ధతి 1993లో వచ్చింది. ఎంపెగ్-1 అనే కుదింపు విధానంతో ఒక్కో డిస్కులో 74 నిమిషాల బొమ్మ పట్టేది. రెండున్నర గంటల తెలుగు సినిమా రెండు డిస్కుల్లో సరిపోక ఒక్కోసారి మూడోదానికి పాకేది అందుకే. డిస్కు తెరిస్తే లోపల నాలుగైదు ఫోల్డర్లు, వాటిలో ఒకదాంట్లో ఏవీసెక్01 డాట్ డీఏటీ అనే ఫైలు. సినిమా అంతా అందులోనే ఉండేది, కానీ పేరు చివర ఉన్న ఆ ‘డీఏటీ’ని చూసి అది సినిమా అని విండోస్‌కు తెలిసేది కాదు. నెట్ సెంటర్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు: “అన్నా, ఇది ఓపెన్ అవట్లేదు.” కౌంటర్ దగ్గర్నుంచి జవాబు వచ్చేది: “ఓపెన్ విత్ కొట్టి మీడియా ప్లేయర్ పెట్టు తమ్ముడూ.”

ఒక్కో పనికి ఒక్కో ప్లేయర్ ఉన్న కాలం అది. పాటలకు విన్యాంప్. జస్టిన్ ఫ్రాంకెల్, దిమిత్రీ బోల్డిరెవ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు 1997లో విడుదల చేసిన ఆ చిన్న నల్లటి పెట్టె మన ఊళ్ళలో ప్రతి కంప్యూటర్లోనూ ఉండేది. నెట్‌లో పాటలకు రియల్ ప్లేయర్. అమెరికా వెళ్ళిన మనవాళ్ళు ఫోను లైను ఇంటర్నెట్ మీద తెలుగు పాటలు విన్నది ఎక్కువగా అందులోనే. ఆపిల్ వాళ్ళ ఫైళ్ళకు క్విక్‌టైమ్. ఇక విండోస్‌తో పాటే వచ్చే మీడియా ప్లేయర్ ఎలాగూ ఉంది. అలా కలిపి ఇవ్వడం మిగతావాళ్ళ నోరు కొట్టడమేనని యూరోపియన్ కమిషన్ 2004 మార్చిలో మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, ఆ ప్లేయర్ లేని విండోస్‌ను కూడా అమ్మాలని ఆదేశించింది. ఆ తీర్పు మన దాకా వచ్చి మార్చిందేమీ లేదు.

మన బాధ వేరే. ఏవీఐ, ఎంకేవీ, ఎంపీ4 అని ఫైలు చివర కనిపించేది వంట పేరు కాదు, క్యారేజీ పేరు. ఒక గిన్నెలో బొమ్మ, ఒక గిన్నెలో శబ్దం, ఒక్కోసారి మూడో గిన్నెలో సబ్‌టైటిల్స్. ఆ బొమ్మను ఏ పద్ధతిలో కుదించారో ఆ పద్ధతిలోనే విప్పాలి. ఆ కుదించి విప్పే విద్యకే కోడెక్ అని పేరు. క్యారేజీ మూత తీయగలిగినా లోపలి వంటకం తెలియకపోతే ప్లేయర్ శబ్దం వినిపించి బొమ్మను నల్లగా ఉంచేస్తుంది. అప్పుడు కోడెక్ ప్యాక్‌ల కోసం వెతుకులాట. అలా ఎక్కడినుంచో దింపిన ఒక ప్యాక్ పుణ్యమాని మా ఇంటి కంప్యూటర్లోకి వైరస్ దూరి, ఫార్మాట్ చేయించాల్సి వచ్చింది. అందులో నాన్న ఉత్తరాలు పోయాయి, మళ్ళీ దొరకలేదు. కావలసిన కోడెక్‌లన్నీ తన లోపలే పెట్టుకుని వచ్చే ప్లేయర్ అంటే నాకు ఇంత అభిమానం ఎందుకో అప్పుడు నష్టపోయినవాళ్ళకు తెలుస్తుంది.

ఇక హాస్టల్ సంగతి. పారిస్‌కు దక్షిణాన షాత్నే మలాబ్రీలో ఎకోల్ సాంత్రాల్ అనే పేరున్న ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది. అక్కడి హాస్టల్ నెట్‌వర్క్‌ను విద్యార్థుల సంఘమే నడిపేది. తొంభైల మధ్యలో ఆ నెట్‌వర్క్ పాత టోకెన్ రింగ్ రకం, బాగా నెమ్మది. కుర్రాళ్ళకు కంప్యూటర్ గేములు కలిసి ఆడుకోవడానికి వేగం కావాలి. కొత్తది వేయండని కాలేజీని అడిగితే డబ్బు మీరే తెచ్చుకోమన్నారు. బూయిగ్ అనే కంపెనీ వైపు నుంచి వాళ్ళకు ఒక దారి దొరికింది: గదికో డిష్ పెట్టే బదులు హాస్టల్ మొత్తానికీ ఒకే డిష్ పెట్టి, శాటిలైట్ టీవీని నెట్‌వర్క్ మీదుగా అందరి కంప్యూటర్లకూ పంపి చూపించాలి. అంత పనికి నెట్‌వర్క్ వేగంగా ఉండక తప్పదు కదా! గేముల కోసం మొదలైన కోరిక 1996లో వీడియోల్యాన్ అనే ప్రాజెక్టుగా మారింది. పంపే పక్షం సర్వర్, చూపించే పక్షం క్లయింట్. వీడియోల్యాన్ క్లయింట్ అన్న పేరే వీఎల్‌సీ అయింది. రోడ్ల మీద నుంచి తెచ్చి హాస్టల్లో పోగేసిన ట్రాఫిక్ కోన్‌లే దాని గుర్తు అయ్యాయి.

అక్క పెళ్ళి డిస్కు గీతల దగ్గర ఎందుకు ఆగలేదో, దానికి జవాబు ఇక్కడుంది. నెట్‌వర్క్ మీద ప్రత్యక్ష ప్రసారం పంపేటప్పుడు బొమ్మను చిన్నచిన్న పొట్లాలుగా కట్టి విసురుతారు. అందిందా లేదా అని పంపినవాడు అడగడు, జారిపోయినదాన్ని మళ్ళీ పంపడు. అందుకునేవాడు ఉన్నవాటితోనే బొమ్మ కట్టుకోవాలి. ఒక పొట్లం రాలేదని ఆగి కూర్చుంటే టీవీయే ఆగిపోతుంది. కాబట్టి లోటుపాట్లు ఉంటాయని ముందే ఒప్పుకుని రాసిన ప్రోగ్రామ్ అది. డిస్కు మీద గీతైనా, సగమే దిగిన ఫైలైనా దాని కంటికి జారిపోయిన పొట్లం లాంటిదే.

1998లో విద్యార్థులు దాన్ని మొదటి నుంచి మళ్ళీ రాశారు. ఒక్కో పనీ విడివిడి మాడ్యూల్‌గా, కావాలంటే తగిలించి, వద్దంటే తీసేసేలా. 2001 ఫిబ్రవరి 1న కాలేజీ అనుమతితో జీపీఎల్ లైసెన్సు కింద లోకానికి ఇచ్చేశారు. చదువులు ముగించుకుని పిల్లలు వెళ్ళిపోతుంటే ప్రాజెక్టు నీరసించింది. ఆ కాలేజీలోనే చదివిన జాఁ బాప్తిస్త్ కెంప్ఫ్ దాన్ని భుజాన వేసుకుని, లాభాపేక్ష లేని సంఘంగా నిలబెట్టాడు. ప్రకటనలు పెడితే కోట్ల యూరోలు ఇస్తామన్నవాళ్ళను వద్దన్నాడు. ఇప్పటికి 600 కోట్ల డౌన్‌లోడ్‌లు దాటాయని సంఘం 2025 జనవరిలో ప్రకటించింది. ఆ లెక్క కన్నా ఆ ‘వద్దు’ నాకు పెద్దదిగా తోస్తుంది.

మన దేశంలో 2022 ఫిబ్రవరి నుంచి ఆ సంఘం వెబ్‌సైటు తెరుచుకోలేదు. ముందు నోటీసు లేదు, కారణం చెప్పలేదు. ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో లీగల్ నోటీసు పంపాక ఆ నవంబరులో అడ్డు తొలగింది. అన్ని నెలలూ అసలు చోటు మూసేయడంతో, దొరికిన చోటల్లా దింపుకునే ప్రమాదం మనవాళ్ళకు ఎదురైంది. ఇప్పుడు తెరిచే ఉంది కాబట్టి వీడియోల్యాన్ డాట్ ఓఆర్‌జీ నుంచే దింపుకోండి. పేరు పోలిన సైట్లు చాలా ఉన్నాయి.

అన్నిటికీ వీఎల్‌సీయే మేలని నేను అనను. వేల పాటల్ని ఆల్బమ్‌ల వారీగా సర్దుకుని వినడానికి వీఎల్‌సీ చేతికి ఒదగదు. దానికి ఫూబార్ లాంటి పాటల ప్లేయర్లే నయం. మీటలూ మెనూలూ అడ్డం లేకుండా బొమ్మ నిండుగా కనబడాలంటే ఎంపీవీ. ఏ పుట్టలో ఏ పామో తెలియని పాత డిస్కులకు మాత్రం నేను వీఎల్‌సీనే నమ్ముతాను. సబ్‌టైటిల్ మాటకంటే ముందో వెనకో వస్తుంటే జి, హెచ్ మీటలతో సర్దుకోవచ్చు. శబ్దం పెదవులతో కలవకపోతే జె, కె. తెలుగు సబ్‌టైటిల్ పిచ్చి గీతలుగా కనిపిస్తే ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8గా, ఫాంట్ నిర్మలా యూఐగా మార్చి చూడండి.

ఆ రోజు తలంబ్రాల దగ్గర గీతలు దాటాక, అమ్మ ఒక్కసారిగా “ఆపు, ఆపు, వెనక్కి పోనీ” అంది. షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే మూడేసి సెకన్లు వెనక్కి వెళ్తుంది. రెండుసార్లు నొక్కాను. తర్వాత ఇ మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ ముందుకు జరిపాను. మండపం స్తంభం పక్కన, కొంగు తలమీద కప్పుకుని, అమ్మమ్మ నవ్వుతోంది. ఆమెకు ఇంట్లో మరో ఫొటో లేదు. పక్క ఫ్రేములో మళ్ళీ గళ్ళు మొదలయ్యాయి. మళ్ళీ వెనక్కి వెళ్ళి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ అమ్మమ్మ ఉన్న ఫ్రేము దగ్గర ఆగి షిఫ్ట్, ఎస్ నొక్కాను. బొమ్మ ఫొటోగా దిగింది. మసగ్గానే ఉంది. మర్నాడు స్టూడియోలో ప్రింటు తీయించి ఇస్తే, అమ్మ దాన్ని దేవుడి గదిలో పెట్టింది.